చిట్యాల డైవర్షన్ దగ్గర కారు 100 అంటుంది, ఫోన్ 80 అంటుంది, బోర్డు 30 అంటుంది. ఏది లెక్క?

సూర్యాపేట శ్రీను:

అందరికీ నమస్కారం. ఉండేది ఎల్బీనగర్, సొంతూరు సూర్యాపేట పక్కన. అమ్మానాన్నల కోసం సెలవు దొరికినప్పుడల్లా 65వ నంబరు హైవే మీద వెళ్లొస్తుంటాను. ఈమధ్య కొత్త కారు తీసుకున్నాను. ముందు అద్దం వెనక కెమెరా, కారులోనే మ్యాప్, మీటర్లో ఎర్ర గుండ్రంలో స్పీడ్ లిమిట్, అన్నీ ఉన్నాయి. నా గొడవంతా ఆ ఎర్ర గుండ్రంతోనే.

పంతంగి టోల్ గేటు దాటాక అందులో 100 పడుతుంది. అలవాటు కొద్దీ ఫోన్‌లో కూడా మ్యాప్ పెట్టుకుంటాను, అక్కడ 80 అని వస్తుంది. సరే, ఈ రెండింటి తగువు అలా ఉంచండి. చిట్యాల దగ్గర ఫ్లైఓవర్ పనుల కోసం మెయిన్ రోడ్డు మూసి బండ్లన్నిటినీ సర్వీస్ రోడ్డులోకి మళ్లిస్తున్నారు. అక్కడ ఇసుక బస్తాకు ఆనించిన ఒక రేకు బోర్డు, దుమ్ము కొట్టుకుపోయి, దగ్గరికెళ్తే గాని కనపడదు: 30. నేను 30కి తగ్గి ఇటుకల ట్రాక్టరు వెనక పాకుతుంటే మీటర్లో ఇంకా 100 వెలుగుతూనే ఉంది. ఫోన్‌లో అమ్మాయి "నేరుగా వెళ్లండి" అంటోంది. నేరుగా అంటే సిమెంటు దిమ్మెలు, వాటి అవతల పిల్లర్ కోసం తవ్విన గొయ్యి.

విచిత్రం ఆ తర్వాత మొదలవుతుంది. పనులన్నీ దాటి మళ్లీ మెయిన్ రోడ్డెక్కి హాయిగా వెళ్తుంటే మీటర్లో 30 వచ్చి కూర్చుంటుంది. నార్కట్‌పల్లి దాటేదాకా వదలదు. అంటే 30లో పోవాల్సిన చోట 100, 100లో పోగలిగిన చోట 30. 30 దాటావని ఒక కూత, దానికి తోడు 80 దాటితే వచ్చే కూత ఒకటి ఎలాగూ ఉంది. రెండూ కలిసి మోగుతుంటే పక్క సీట్లో మా నాన్న "ఆ పిట్టను ఎవడన్నా పట్టుకోండ్రా" అని విసుక్కుంటాడు.

షోరూం వాళ్లనడిగితే "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తుంది సార్" అన్నారు. నాకు కావాల్సింది అది కాదు. ఈ అంకెలు అసలు ఎక్కడినుంచి వస్తాయి? పనులు జరిగే చోట మ్యాప్‌కు విషయం చెప్పేదెవరు? కెమెరాకు చలానా పడితే "నా మ్యాప్ 100 చూపించింది" అని స్క్రీన్‌షాట్ పెట్టొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.


డీజిల్ యాదగిరి:

తమ్ముడూ, నేను ఇదే రోడ్డు మీద ట్యాక్సీ నడుపుతాను. ఫోన్ పెడతాను గానీ అది కస్టమర్ కోసం, వాళ్లకు ఎంతసేపట్లో దిగుతామో కనపడాలి కదా. పనుల దగ్గర నేను చూసేది ముందున్న లారీ వెనక లైట్లు. లారీ వాడికి ఆ గుంత నిన్న రాత్రే తగిలి ఉంటుంది, వాడు బ్రేకు కొట్టాడంటే కారణం ఉంటుంది. రాత్రిపూట సున్నం పూసిన రాళ్లు వరసగా కనిపిస్తే డైవర్షన్, రోడ్డు మీద చెట్టుకొమ్మ పడేసి ఉంటే ముందు బండి ఆగిపోయిందని. ఇవి ఏ ఫోనూ చెప్పదు.

ఒకటి మాత్రం నిజం. ఫోన్‌లో రోడ్డు ఎర్రగా కనిపిస్తే నమ్ము. నీలంగా ఉంటే మాత్రం నమ్మకు.


మిర్చి యార్డు:

శ్రీను గారూ, నేనిప్పుడు ఖమ్మంలో మిర్చి వ్యాపారం చేసుకుంటున్నాను గానీ అంతకుముందు చాలా ఏళ్లు హైదరాబాద్‌లో మ్యాపులు తయారు చేసే కంపెనీలో పనిచేశాను. మొదట సర్వే కారులో తిరగడం, తర్వాత ఆఫీసులో కూర్చుని ఆ డేటా సరిచేయడం. మీ మూడు అంకెలూ మూడు వేర్వేరు ఊళ్లనుంచి వచ్చాయి. ఒక్కొక్కటీ చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

ముందు ఆ 100. మ్యాప్ లోపల రోడ్డు ఒకే గీతలా ఉండదు. జంక్షన్ నుంచి జంక్షన్‌కు ముక్కలు ముక్కలుగా కోసి ఉంటుంది. డివైడర్ ఉన్న హైవే అయితే రాకకు ఒక వరస, పోకకు ఒక వరస, సర్వీస్ రోడ్డుకు వేరే వరస. ప్రతి ముక్కకూ ఇది ఏ తరగతి రోడ్డు, ఎన్ని లేన్లు, స్పీడ్ ఎంత అని కొన్ని వివరాలు రాసి ఉంటాయి. స్పీడ్ గడి రెండు రకాలుగా నిండుతుంది. సర్వే వాళ్లకు బోర్డు కనపడితే బోర్డు మీది అంకె. కనపడకపోతే రోడ్డు తరగతిని బట్టి చట్టం ఏమంటుందో అది. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో కార్లకు ఎక్స్‌ప్రెస్‌వేల మీద 120, డివైడర్ ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద 100, మున్సిపాలిటీ లోపల 70, మిగతా రోడ్ల మీద 70 అని ఉంది. నాలుగు వరసలు, డివైడర్ ఉంది అనగానే కంప్యూటర్ 100 అని నింపేస్తుంది. మీ మీటర్లో వెలిగే 100ను మనిషెవరూ రోడ్డు మీద నిలబడి చూసి రాసి ఉండకపోవచ్చు. మా ఆఫీసులో ఈ రెండు రకాలకూ వేర్వేరు రంగులుండేవి. మీ మీటర్‌కు వచ్చేసరికి ఆ రంగు పోతుంది, అంకె ఒక్కటే మిగులుతుంది. నాకు ఇప్పటికీ కోపం తెప్పించే సంగతి ఇదే. "చూసి రాసింది", "ఊహించి రాసింది" రెండూ ఒకే ఎర్ర గుండ్రంలో చూపిస్తారు. ఊహించినదాన్ని బూడిద రంగులో చూపిస్తే ఏం పోయిందో!

ఇంకో సంగతి, కారులోని మ్యాప్ పుట్టుకతోనే పాతది. ఫలానా తేదీతో డేటా ఆపేస్తారు, దాన్ని కారు కంపెనీ కావలసిన రూపంలోకి మార్చాలి, పరీక్షించాలి, ఆ తర్వాత అది కారులోకి ఎక్కాలి. షోరూంలో మీరు తాళం తీసుకునేసరికే దాని వయసు నెలల్లో ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు చూడండి. అక్కడ గరిష్ఠ వేగం 2023లో 100 నుంచి 120కి పెంచారు. అంతకుముందు మ్యాప్ ఉండి అప్‌డేట్ చేయని కార్లు ఇప్పటికీ 100 అనే అంటాయి. పర్మనెంటు బోర్డు మారితేనే ఇలా ఉంటే, మీ రేకు బోర్డు ఎన్నో వంతు?

ఆ రేకు బోర్డు సంగతి చెప్తాను. సర్వేకు వెళ్లేటప్పుడు మాకు ఇచ్చిన రూల్సులో ఒకటి, తాత్కాలిక బోర్డులు రాయొద్దు. కారు పైన కెమెరా ఉంటుంది, అన్నీ ఫొటోలు పడతాయి. కానీ పనుల దగ్గర బోర్డు అని తేలితే ఆఫీసులో దాన్ని పక్కన పెట్టేవాళ్లం. ఎందుకంటే ఇవాళ 30 అని రాస్తే అది జనం చేతికి వెళ్లేసరికి ఫ్లైఓవర్ పూర్తయిపోయి ఉంటుంది, అప్పుడు ఫ్లైఓవర్ మీద 30 చూపిస్తుంది. కాబట్టి కారులోని మ్యాప్‌కు పనుల సంగతి తెలియకపోవడం పొరపాటు కాదు, కావాలని వదిలేసిందే. ఈ పద్ధతి పుట్టినప్పుడు పనులంటే నాలుగు నెలల్లో అయిపోతాయని లెక్క. మన దగ్గర ఒక్కో ఫ్లైఓవర్ కింద డైవర్షన్ మధ్య పిల్లలు బడిలో చేరి క్లాసు మారతారు. రెండేళ్లు ఉండేదాన్ని తాత్కాలికం అనాలా అని మీటింగుల్లో కొట్టుకునేవాళ్లం.

ఇక కెమెరా. అది చేసేది ఎర్ర అంచున్న గుండ్రం, లోపల అంకె వెతకడమే. మొదటి బోర్డు దుమ్ములో ఉందన్నారు, కనుక దాన్ని చదవలేదు. చివర్లో ఎక్కడో ఇంకో 30 బోర్డు కాస్త శుభ్రంగా ఉండి ఉంటుంది, దాన్ని చదివింది. చదివాక ఎంతదూరం గుర్తుపెట్టుకోవాలి అనేది కారు కంపెనీ రాసిన తర్కం. "ఆంక్షలు ముగిశాయి" అనే బోర్డు కనపడేదాకానో, ఇంకో స్పీడ్ బోర్డు కనపడేదాకానో, మీరు మలుపు తిరిగి వేరే రోడ్డెక్కేదాకానో, ఇన్ని కిలోమీటర్లు దాటేదాకానో. మీరు నేరుగా హైవే మీదే పోతున్నారు, ముగింపు బోర్డు లేదు, అందుకే నార్కట్‌పల్లి దాకా మోసుకెళ్లింది. ముగింపు బోర్డు మన పుస్తకాల్లో లేక కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఐఆర్‌సీ 67లో ఆంక్షలు ముగిసే బోర్డు ఉంది. పనుల దగ్గర ట్రాఫిక్ ఎలా నడపాలో చెప్పడానికే ఐఆర్‌సీ ఎస్పీ 55 అని ప్రత్యేకంగా ఇంకో పుస్తకం ఉంది. ముందు హెచ్చరించే భాగం, తర్వాత దారి మళ్లే భాగం, తర్వాత పని జరిగే చోటు, చివర మామూలు దారిలో కలిసే భాగం అని నాలుగు చోట్లా ఏం పెట్టాలో బొమ్మలతో సహా ఉంటుంది. మొదటి మూడూ ఎలాగో పెడతారు. నాలుగోదాని దగ్గరికొచ్చేసరికి బస్తాలు అయిపోతాయి.

కెమెరా ఇంకా ఏమేం చదువుతుందో తెలుసా? పక్కన సర్వీస్ రోడ్డు కోసం పెట్టిన బోర్డు. ఫ్లైఓవర్ దిగే ర్యాంపు కోసం పెట్టిన బోర్డు. యాదగిరి అన్న నమ్మమన్న లారీ వెనక గుండ్రంగా రాసిన 80. మీ కారు ఎక్కడైనా ఉన్నట్టుండి 80 చూపిస్తే ముందున్న లారీ వెనక ఓసారి చూడండి.

(80 దాటితే వచ్చే కూత మాత్రం వీటిలో దేనికీ సంబంధించింది కాదు. 2019 జూలై 1 నుంచి తయారైన ప్రతి కారులో ఉండాలని రూలు. 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. రోడ్డేదైనా దానికి ఒకటే. నాన్నగారికి చెప్పండి, ఆ పిట్టను పట్టుకోలేం.)

అసలు ఆసక్తికరమైనది ఫోన్. "నేరుగా వెళ్లండి" అని ఎందుకంటోంది? వేలమంది సర్వీస్ రోడ్డులో వెళ్తున్నారు, అందరి దగ్గరా ఫోన్లున్నాయి, మెయిన్ రోడ్డు మీద ఒక్కడూ లేడు. ఆ మాత్రం తెలియదా అని మీరనుకోవచ్చు. తెలియకపోవడానికి కారణం ఉంది. ఫోన్‌లో జీపీఎస్ మీరున్న చోటును కొన్ని మీటర్ల అటూఇటూగా చెబుతుంది. లారీల మధ్య, పిల్లర్ల పక్కన ఆ తేడా ఇంకా పెరుగుతుంది. మెయిన్ రోడ్డు అంచుకూ సర్వీస్ రోడ్డుకూ మధ్య ఉన్న దూరం కూడా అంతే. అందుకని మ్యాప్ ఏం చేస్తుందంటే, వచ్చిన చుక్కను దగ్గర్లో ఉన్న రోడ్డు ముక్కకు అతికిస్తుంది. దగ్గర్లో రెండు ఉంటే, వెనక మీరు ఏ రోడ్డు మీద వచ్చారో దానికే మొగ్గు చూపుతుంది. మీరు హైవే మీద వచ్చారు కనుక హైవేకే అతికిస్తుంది. సర్వీస్ రోడ్డులో పాకుతున్న వేలమందీ దాని దృష్టిలో హైవే మీదే ఉన్నారు. "హైవే బాగానే ఉంది, కాకపోతే నెమ్మదిగా నడుస్తోంది" అనుకుని ఎరుపు పూస్తుంది. మూసేశారని ఎప్పటికీ అనుకోదు. అవతలి వైపు రోడ్డును రెండుగా చీల్చి ఎదురెదురుగా నడిపించినా ఇదే తంతు. డైవర్షన్ అరకిలోమీటరు దూరం నుంచి వెళ్తే మాత్రం మ్యాప్ కొద్ది గంటల్లో పసిగట్టేస్తుంది. దూరంగా ఉన్న డైవర్షన్ దానికి సులువు, పక్కనే ఉన్నదే కష్టం.

యాదగిరి అన్న ఎరుపును నమ్ము, నీలాన్ని నమ్మకు అన్నాడు. ఆఫీసులో మేం పాఠాలు చెప్పుకునేవాళ్లం గానీ ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు. ఎరుపు అంటే అక్కడ నిజంగా బండ్లున్నాయి, నెమ్మదిగా ఉన్నాయి. నీలం అంటే బండ్లు బాగా పోతున్నాయని కావచ్చు, అసలు సమాచారమే లేకపోనూవచ్చు.

ఒకటి గమనించండి. బండ్లు నెమ్మదించాయని ఫోన్‌కు తెలుస్తుంది గానీ, అక్కడ లిమిట్ 30 అని దానివల్ల తెలియదు. జామ్ అయినా అంతే నెమ్మది, గేదెలు అడ్డమొచ్చినా అంతే. అందుకే ఎరుపు చూపిస్తూనే పక్కన 80 చూపిస్తుంది. ఆ రెండూ వేర్వేరు గదుల్లో ఉండే లెక్కలు.


లెక్కల మాస్టారు:

మిర్చి యార్డు గారూ, బాగా చెప్పారు. కానీ చట్టంలో 100 ఉన్నప్పుడు కాంట్రాక్టరు పెట్టిన రేకు బోర్డుకు విలువేమిటి? రేపు కోర్టులో నిలబడుతుందా?


మిర్చి యార్డు:

మాస్టారూ, ఆ 100 అనేది కేంద్రం గీసిన పై గీత. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం రాష్ట్రమో, అది అధికారం ఇచ్చిన వాళ్లో ప్రజల భద్రత కోసమో, రోడ్డు పరిస్థితిని బట్టో అంతకంటే తగ్గించొచ్చు, తగ్గించినచోట బోర్డు పెట్టాలి. పైకి పోకూడదు గానీ కిందికి ఎంతైనా రావచ్చు. రేకు బోర్డు వెనక సరైన ఉత్తర్వు ఉందా లేదా అనేది వకీలు చూసుకునే సంగతి. నేను గొయ్యి గురించి మాట్లాడుతున్నాను. గొయ్యి ఉత్తర్వు అడగదు.

శ్రీను గారి చలానా ప్రశ్నకు కూడా ఇక్కడే చెప్తాను. స్క్రీన్‌షాట్ పనికిరాదు. మీ మ్యాప్ ఏం చూపించిందన్నది పోలీసులకు అవసరం లేదు. 183వ సెక్షన్ కింద కారుకు 1000 నుంచి 2000 రూపాయల జరిమానా. మీరు వాదించదలిస్తే వేరే దారి ఉంది. 2021లో వచ్చిన 167ఎ రూలు ప్రకారం కెమెరా పెట్టిన చోట ముందుగా హెచ్చరిక బోర్డు ఉండాలి, నోటీసు గడువులోగా పంపాలి. కాబట్టి స్క్రీన్‌షాట్ బదులు డాష్‌క్యామ్ (ముందున్న రోడ్డును రికార్డు చేసే కారు కెమెరా) వీడియో దాచుకోండి, బోర్డు ఉందో లేదో అందులో కనపడుతుంది.


స్టుట్‌గార్ట్ సుధ:

శ్రీను గారూ, మీ బాధ ఇక్కడా ఉంది, కాకపోతే కాస్త ఖరీదైన కార్లలో. మాది భీమవరం, పదేళ్లకు పైగా జర్మనీలో ఉంటున్నాం. మా వారు, నేను వంతులేసుకుని ఎ8 ఆటోబాన్ మీద మ్యూనిక్ వైపు వెళ్తుంటాం. యూరప్‌లో 2024 జూలై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులోనూ లిమిట్ దాటితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి. ఆపుకోవచ్చు, కానీ కారు మళ్లీ స్టార్ట్ చేస్తే అదీ మళ్లీ మొదలవుతుంది. ఎక్కగానే బెల్టు పెట్టుకున్నట్టు దాన్ని ఆపడం కూడా అలవాటైపోయింది చాలామందికి.

ఇక్కడ పనులు జరిగేచోట బోర్డులు మెట్లు దిగినట్టు దిగుతాయి, 100, 80, అవసరమైతే 60. చివర్లో తెల్ల గుండ్రం మీద ఏటవాలుగా నల్ల గీతలున్న బోర్డు తప్పకుండా ఉంటుంది, అన్ని ఆంక్షలూ ముగిశాయని. దాన్ని కెమెరా చక్కగా చదువుతుంది. మీ కారులోని తర్కం ఇలాంటి రోడ్లను చూసి రాసి ఉంటారు, చిట్యాలను చూసి కాదు.

అయినా తప్పులొస్తాయి. పనుల దగ్గర రోడ్డు మీద తాత్కాలికంగా పసుపు గీతలు వేస్తారు. పసుపు ఉన్నచోట తెల్ల గీతలు చెల్లవు. మనుషులకు తెలుసు. లేన్‌లో ఉంచే యంత్రం మాత్రం ఒక్కోసారి పాత తెల్లగీత పట్టుకుని స్టీరింగ్‌ను దిమ్మె వైపు లాగుతుంది. మొదటిసారి అలా లాగినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. అప్పటినుంచి పనుల బోర్డు కనపడగానే ముందు దాన్ని ఆపేస్తాను. ఎడమ లేన్ ఇరుకుగా ఉంటుంది, అద్దాలతో కలిపి 2.1 మీటర్ల కంటే వెడల్పున్న బండి వెళ్లకూడదని బోర్డు పెడతారు. ఇప్పటి పెద్ద కార్లు చాలావరకు అంతకంటే వెడల్పే. తన వెడల్పు కారుకు తెలుసు, రోడ్డు మీద పనులున్నట్టూ తెలుసు, అయినా ఆ రెండూ కలిపి "ఎడమ లేన్‌లోకి వెళ్లకు" అని చెప్పే నావిగేషన్ మాకు ఇంకా తగల్లేదు.

పనుల సంగతి కారుకు ఎవరు చెబుతారు అనడిగారు కదా. ఇక్కడ ఎప్పటినుంచో ఎఫ్ఎం రేడియోలోనే ఆ కబురు వస్తుంది. పాటలతోపాటు వినపడకుండా చిన్న సందేశాలు నడుస్తుంటాయి, టీఎంసీ అంటారు. ఏం జరిగిందో చెప్పడానికి 11 బిట్లు, ఎక్కడ జరిగిందో చెప్పడానికి 16 బిట్లు, అంతే చోటు. "ఎక్కడ" అంటే ముందే నంబర్లు ఇచ్చిన జంక్షన్లు. కాబట్టి "ఫలానా ఎగ్జిట్‌కూ ఫలానా ఎగ్జిట్‌కూ మధ్య పనులు" అనగలదు గానీ, "ఈ 800 మీటర్లు" అనలేదు. ఆ రెండు ఎగ్జిట్ల మధ్య పొడుగునా కారు పనుల గుర్తు చూపిస్తుంది, ఎదుట చూస్తే ఖాళీ రోడ్డు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో కచ్చితంగా వస్తోంది, రోడ్డు చూసుకునే సంస్థే ఎక్కడినుంచి ఎక్కడిదాకా, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని డేటా బయటపెడుతుంది. అయినా రాత్రికి రాత్రి లేన్ మారిస్తే తెల్లారి మొదట వెళ్లేవాళ్లకు తెలియదు.


సూర్యాపేట శ్రీను:

అందరికీ చాలా థ్యాంక్స్. చివరి బోర్డు సంగతి మొన్న వస్తూ చూశాను. మిర్చి యార్డు గారు చెప్పినట్టే ఉంది. పనులు ముగిసే చోట ఎడమ పక్కన నిగనిగలాడే కొత్త 30 బోర్డు. అది ఊళ్లోంచి సర్వీస్ రోడ్డు మీద వచ్చేవాళ్ల కోసం పెట్టింది, మా వైపు తిరిగి ఉంది.

ఇంకో అనుమానం. ఫోన్ మ్యాప్‌లో "రోడ్డు మూసి ఉంది" అని మనం రిపోర్ట్ చేస్తే ఏమన్నా ఉపయోగం ఉంటుందా, లేక చెత్తబుట్టలోకి పోతుందా? ఫ్లైఓవర్ అయ్యేదాకా ఎవరో ఒకరు ఆ గొయ్యి వైపు వెళ్తారేమోనని భయంగా ఉంది. యూపీలో బ్రిడ్జి మీదనుంచి కారు పడిపోయిన వార్త చదివినప్పటినుంచీ నాన్న రాత్రి ప్రయాణం వద్దంటున్నాడు.


మిర్చి యార్డు:

ఉపయోగం ఉంటుంది. కానీ ఒక్కరు చెబితే సాధారణంగా కదలదు. అదే చోట కొంతమంది చెప్పాలి, లేదా ఫోన్ల నుంచి వచ్చే జీపీఎస్ చుక్కలు ఆ మాటతో సరిపోవాలి. చిట్యాలలో చుక్కలు సరిపోవని చెప్పాను కదా, అందుకే ఎక్కువమంది చెప్పాల్సి వస్తుంది. చెప్పేటప్పుడు "రోడ్డు మూసి ఉంది" ఒక్కటే కాకుండా ఎక్కడినుంచి ఎక్కడిదాకా అనేది మ్యాప్ మీద ముక్క ఎంచుకుని పంపండి, ఫొటో పెట్టండి. ఏ వైపు మూశారో తప్పకుండా రాయండి. వైపు తప్పుగా పడితే బాగున్న రోడ్డు మూతపడి, మూసిన రోడ్డు తెరిచే ఉంటుంది. బండి నడుపుతూ కాదు, నాన్నగారికి ఆ పని అప్పగించండి. పిట్ట మీద కోపం కూడా తీరుతుంది.

యూపీ సంగతి నేనూ చదివాను. 2024 నవంబర్‌లో బరేలీ దగ్గర రామ్‌గంగ మీద. ఆ బ్రిడ్జి కొంత భాగం అంతకుముందే వరదల్లో కొట్టుకుపోయింది, మ్యాప్‌లో మాత్రం అలాగే ఉంది. ముగ్గురు చనిపోయారు. తర్వాత చర్చంతా మ్యాప్ మీదే నడిచింది. నా బుర్రలో తిరిగే ప్రశ్న వేరు. ఆ రోజు ఆ బ్రిడ్జి మొదట్లో దాటడానికి వీల్లేకుండా ఒక గోడ ఎందుకు లేదు? మ్యాప్ చూడనివాడు, రాత్రి దారి తప్పినవాడు కూడా అక్కడ పడిపోయేవాడే కదా. మీ చిట్యాలలో కనీసం దిమ్మెలున్నాయి.

2025 నవంబర్‌లో గూగుల్ మ్యాప్స్ వాళ్లు జాతీయ రహదారుల సంస్థతో కలిసి హైవేల మీద మూసివేతలు, మరమ్మతుల సమాచారం నేరుగా మ్యాప్‌లోకి తెస్తామని ప్రకటించారు. మంచిదే, నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఇది జరగాలని ఎన్నిసార్లు మొత్తుకున్నామో. కానీ ఆ సమాచారం ఎక్కడ మొదలవుతుంది? సైట్ మీద ఉన్న ఇంజినీరు రాత్రి దిమ్మెలు జరిపాక ఫోన్ తీసి "జరిపాను" అని నమోదు చేస్తేనే. దాన్ని బిల్లుతో ముడిపెట్టాలని నా అభిప్రాయం. నమోదు చేయని రోజుకు డబ్బులు లేవంటే దిమ్మె జరగకముందే మ్యాప్ జరుగుతుంది.

మీ కారు విషయానికొస్తే సెట్టింగుల్లో స్పీడ్ బోర్డు చదివే ఏర్పాటు దగ్గర హెచ్చరిక శబ్దం మాత్రం ఆపే వీలుందేమో చూడండి. చాలా కార్లలో గుండ్రం ఉంచి శబ్దం తీసేయొచ్చు. పనులు దాటాక 30 వదలకపోతే చాలా కార్లలో ఇంజను ఆపి మళ్లీ వేస్తే పోతుంది. చాయ్‌కి ఆగినప్పుడు ఎలాగూ జరుగుతుంది.


స్టుట్‌గార్ట్ సుధ:

ఇంకో సులువు, శ్రీను గారూ. మీ కారులో లిమిట్‌ను బట్టి క్రూజ్ వేగం (పెడల్ తొక్కకుండానే కారు పోయే వేగం) దానంతటదే మార్చుకునే ఏర్పాటు ఉంటే దాన్ని తప్పకుండా ఆపేయండి. వెనక లారీ ఉండగా కారు 30 అనుకుని సొంతంగా తగ్గిందంటే అది కూతతో పోయే సంగతి కాదు.


డీజిల్ యాదగిరి:

తమ్ముడూ, ఈ వారం వస్తున్నావా? వస్తే చూసుకో. నిన్న రాత్రి దిమ్మెలు మళ్లీ జరిపారు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లను ఎడమ సర్వీస్ రోడ్డులోకి కాదు, మధ్యలో డివైడర్ కోసి అవతలి వైపుకు ఎక్కిస్తున్నారు. విజయవాడ బస్సులు ఎదురుగా వస్తాయి, లైట్లు డిమ్ చేయరు. కోసిన చోట తారు పోయలేదు, కంకర తేలి ఉంది. రెండో గేర్‌లో దాటు. ఫోన్ ఇంకా నేరుగానే అంటోంది, నేను రాత్రి చూశాను.